మట్టిపాత్రను వలచిన మహనీయుడు

కుమ్మరి సారెపై తిరుగు మట్టిముద్ద కడవ యగును, కుండ యగును, ముంత యగును. ఆవములో కాలి, అంగడికి వచ్చి, ఇల్లు చేరును. ఇల్లాలు దానిలో నీరు నింపును, అన్నము వండును, పాలు తోడుపెట్టును. ఒకనాడు చేయిజారి పగిలినచో దాని పెంకులు పెంటకుప్ప పాలగును. దానిని చేసినవాని పేరేమని అడుగువారుండరు. రాజుల బంగారు పళ్లెరములను భాండాగారములలో భద్రపరచినవారు పెక్కురు గలరు. కాని పేదవాని గిన్నెను వెదకి తెచ్చి, దానిపై దుమ్ము తుడిచి, దాని సౌందర్యమును లోకమునకు చాటినవారు అరుదు. అట్టివారిలో జపాను దేశీయుడైన యానగి మునెయోషి అగ్రగణ్యుడు. ఒక చిన్న జాడి ఆయన జీవితమార్గమునే మార్చివేసెను. తన దేశమువారు అణచివేసిన ఒక జాతి హృదయమును ఆయన ఆ జాడిలో చూడగలిగెను.

జపానీయులు తెలుగువారివలెనే ఇంటిపేరును ముందు చెప్పి, పిదప అసలు పేరు చెప్పుదురు. యానగి అనునది ఇంటిపేరు. మునెయోషి 1889వ సంవత్సరము మార్చి 21వ తేదీన టోక్యో నగరమున జన్మించెను. తండ్రి నౌకాదళమున ఉన్నతాధికారి, గణితశాస్త్రమున దిట్ట. బాలునకు రెండేండ్లు నిండకముందే ఆయన స్వర్గస్థుడయ్యెను. బిడ్డలను పెంచి పెద్దచేయు భారము తల్లి కట్సుకో పై బడెను. జూడో అను మల్లవిద్యను స్థాపించిన కానో జిగోరో ఆమెకు సోదరుడు.

మునెయోషి ప్రభువంశముల బిడ్డలు చదువు పాఠశాలలో విద్య నభ్యసించెను. బౌద్ధధర్మమును పాశ్చాత్యులకు తెలియజెప్పి తరువాతికాలమున విఖ్యాతుడైన సుజుకి దైసెత్సు అచ్చట ఆయనకు ఆంగ్లభాషోపాధ్యాయుడు. 1910లో యానగియు, సాహిత్యాభిమానులైన ఆయన మిత్రులును కలిసి షిరకబ అను పత్రికను స్థాపించిరి. షిరకబ యనగా తెల్లని బెరడు గల ఒక చెట్టు. యూరప్ ఖండపు చిత్రకళను, శిల్పమును ఆ పత్రిక జపాను యువకులకు పరిచయము చేసెను. 1913లో యానగి టోక్యో విశ్వవిద్యాలయమున మనస్తత్త్వశాస్త్రమున పట్టము పొందెను. మరుసటి సంవత్సరము కనెకో అను గాయనిని పెండ్లాడి, అబికో అను పల్లెలో సరస్సు ఒడ్డున కాపురము పెట్టెను. ఆనాటికి ఆయన మనస్సంతయు పాశ్చాత్య కళపైననే యుండెను. ఆంగ్లకవియు చిత్రకారుడును అయిన విలియం బ్లేకును గూర్చి ఆయన ఒక పెద్ద గ్రంథమును వ్రాసెను.

షిరకబ మిత్రులు ఫ్రాన్సు దేశపు శిల్పి రోడాకు జపాను చిత్రములను కానుకగా పంపగా, ఆయన బదులుగా మూడు చిన్న కంచు శిల్పములను పంపెను. అవి యానగి ఇంట నుండెను. 1914లో ఆ శిల్పములను చూడగోరి అసకావ నోరితకా అను యువకుడు అబికోకు వచ్చెను. అతడు కొరియా దేశమున పాఠశాలోపాధ్యాయుడు. శిల్పవిద్యయందు అభిలాష గలవాడు. వట్టిచేతులతో రాక, కొరియాలో చేసిన ఒక పాత పింగాణి జాడిని కానుకగా తెచ్చెను. అది తెల్లనిది. దాని పక్కలు గుండ్రముగా గాక పలకలుగా చెక్కబడి యుండెను. ఆ తెలుపుపై నీలివర్ణముతో రెండు మూడు గడ్డిపోచలు, ఒక పూవు మాత్రము చిత్రింపబడి యుండెను.

యానగి ఆ జాడిని చేత బట్టి, చాలసేపు చూచుచు కూర్చుండెను. దానిలో ఆడంబరము లేదు. చేసినవాడు తన నేర్పును ప్రదర్శింప తలచినట్లు ఎచ్చటను కానరాదు. అయినను ఆ రూపమునందు ప్రాణ మున్నట్లు ఆయనకు తోచెను. పాశ్చాత్య శిల్పమును చూచుటకు వచ్చిన అతిథి, ఆసియా ఖండపు అజ్ఞాత శిల్పిని ఆయన ఇంటికి తోడ్కొనివచ్చినట్లయ్యెను. ఆ జాడి నేటికిని టోక్యోలో భద్రముగా నున్నది.

ఆ జాడి పుట్టిన దేశమును చూడవలెనను కోరిక యానగికి కలిగెను. 1916లో ఆయన కొరియాకు ప్రయాణమయ్యెను. ఆ దేశము అప్పటికి స్వతంత్రమైనది కాదు. 1392 నుండి కొరియాను పాలించిన జోసన్ రాజవంశము 1910లో అంతరించెను. జపాను ఆ దేశమును తన సామ్రాజ్యమున కలుపుకొనెను. జపానీయులలో పెక్కురు కొరియనులను తక్కువవారిగా చూచుచుండిరి. యానగి మాత్రము సియోల్ నగరమున నోరితకా తమ్ముడైన అసకావ తకుమి ఇంట బస చేసెను.

తకుమి అటవీశాఖలో చిన్న ఉద్యోగి. కొండలపై చెట్లు పెంచు పని ఆయనది. ఆయన కొరియా భాష నేర్చెను. కొరియా దుస్తులు ధరించెను. ఇరుగుపొరుగువారితో బంధువువలె మెలగెను. పాత ఆవముల జాడలకై అన్నదమ్ములిద్దరును ఊరూర తిరుగుచు, పెంకులను ఏరి, ఏ పాత్రను ఏ పేర పిలుతురో, దేనికి వాడుదురో వృద్ధులనడిగి వ్రాసికొనుచుండిరి. తకుమితో కలిసి యానగి అంగళ్లు తిరిగెను. నీళ్లు పోయు కూజాలు, ఊరగాయ జాడీలు, అన్నపు గిన్నెలు, చేతిపని చిన్న బల్లలు కొనెను. ధనికుల వేడుకకై చేసినవి గాక, నిత్యము వాడుకొన్న వస్తువులే ఆయన కంటికి ఆనెను.

1919 మార్చి 1వ తేదీన కొరియా ప్రజలు స్వాతంత్ర్యము కోరుచు వీధులలోనికి వచ్చిరి. ప్రభుత్వము ఆ ఉద్యమమును క్రూరముగా అణచెను. అనేకులు ప్రాణములు గోల్పోయిరి. వేలకొలది జనులు చెరసాలల పాలైరి. జపానులో మేధావులు చాలమంది మౌనము వహించిరి. యానగికి మౌనముగా నుండుటకు మనసొప్పలేదు. ఇంతటి సౌందర్యమును సృష్టించిన జాతిని ఆయుధబలముతో లొంగదీయుట అధర్మమని, కొరియనుల దుఃఖమును జపానీయులు తమదిగా భావింపవలెనని ఆయన ఆ సంవత్సరము మే నెలలో ఒక దినపత్రికలో వ్యాసపరంపర వ్రాసెను. పోలీసులు ఆయన కదలికలపై కన్నువేసి యుంచిరి. ఆయన వెనుదీయలేదు.

వ్రాతతోనే ఊరకుండక, కొరియా ప్రజలు చేసిన వస్తువులకు కొరియాలోనే ఒక ప్రదర్శనశాల నిర్మింపవలెనని ఆయనయు తకుమియు 1920లో నిశ్చయించిరి. మంచి వస్తువులను జపానుకు తరలించుకొనిపోవు వర్తకులు ఆనాడు పలువురుండిరి. యానగి తలపు దానికి విరుద్ధము. ఏ నేలలో పుట్టినది ఆ నేలయందే యుండవలెనని, దానిని చేసినవారి బిడ్డలు దానిని చూచి గర్వింపవలెనని ఆయన ఆశయము. అందులకు ధనము కావలెను. భార్య కనెకో భర్తకు తోడ్పడెను. ఆమె కొరియాకు వెళ్లి గానసభలు చేసి ధనము కూర్చెను. తకుమి తన స్వల్ప వేతనములోనుండియే వస్తువులు కొని ప్రదర్శనశాలకై దాచెను.

ఇంతలో మరియొక ఆపద కనిపించెను. సియోలులోని గ్యోంగ్‌బోక్ రాజప్రాసాదపు ఆవరణలో జపాను ప్రభుత్వము తన పెద్ద కార్యాలయ భవనమును కట్టించుచుండెను. దానికి ఎదుట నిలిచియున్న గ్వాంగ్వమున్ అను ప్రాచీన సింహద్వారమును కూలగొట్టుదురను వార్త పుట్టెను. యానగి 1922లో ఆ ద్వారమును ప్రాణముగల వ్యక్తిగా భావించి, మరణశిక్షకు గురికాబోవు మిత్రునికై విలపించినట్లు ఒక వ్యాసము వ్రాసెను. కొరియా జపానును జయించి, టోక్యోలోని రాజదుర్గమును పడగొట్టినచో జపానీయుల హృదయము ఎట్లుండునో ఊహించుకొనుడని ఆయన స్వదేశీయులను కోరెను. ఆ వ్యాసము కొరియా భాషలోనికిని అనువదింపబడెను. తుదకు అధికారులు ద్వారమును నాశనము చేయక, విప్పి మరియొకచోట నిలిపిరి. అటుపిమ్మట వచ్చిన కొరియా యుద్ధమున అది దగ్ధమైనను, కొరియనులు దానిని మరల కట్టుకొని, 2010లో దాని పూర్వస్థానముననే యథారూపమున నిలువబెట్టిరి.

1924 ఏప్రిల్ నెలలో అదే ప్రాసాదములోని ఒక మందిరమున కొరియా జాతీయకళా ప్రదర్శనశాల ప్రారంభమయ్యెను. దాని పేరులోని జాతి అను మాటను తొలగింపుడని అధికారులు కోరిరి. యానగి అందులకు సమ్మతింపలేదు. చిన్న మాటయే గాని, ఆ మాటయందే ఆయన ప్రయత్నమున కంతటికిని అర్థ ముండెను. అచ్చటి వస్తువులు 1945లో కొరియా విముక్తి పొందిన తరువాత ఆ దేశపు జాతీయ సంపదలో చేరినవి.

తకుమి 1931 ఏప్రిల్ 2వ తేదీన ఊపిరితిత్తుల వ్యాధితో నలువదియేండ్ల ప్రాయముననే మరణించెను. ఆయన శవవాహకులుగా నుండుటకు చుట్టుపట్ల గ్రామముల కొరియనులు పోటీపడి ముందుకు వచ్చిరి. తమ్ముని వంటి మిత్రుని పోగొట్టుకొని యానగి చాలకాలము దుఃఖించెను. తకుమి సమాధి కొరియా నేలలోనే యున్నది. ఆ దేశస్థులు దానిని నేటికిని గౌరవించుచున్నారు.

కొరియా నేర్పిన దృష్టితో యానగి స్వదేశమును చూడసాగెను. 1923లో టోక్యో ప్రాంతమున భయంకరమైన భూకంపము వచ్చెను. మరుసటి సంవత్సరము ఆయన కుటుంబముతో క్యోటో నగరమునకు తరలిపోయెను. ఆ నగరమున ప్రతి నెలయు 21వ తేదీన ఒక బౌద్ధాలయము కడ, 25వ తేదీన మరియొక దేవాలయము కడ సంతలు జరుగును. పాత బట్టలు, పాత కుండలు, తట్టలు, బుట్టలు నేలపై గుట్టలుగా పోసి వృద్ధస్త్రీలు అమ్ముచుందురు. యానగి తెల్లవారకముందే అచ్చటికి పోవుచుండెను. నూనెదీపముల క్రింద వాడు పళ్లెములు, కూరలు వడ్డించు రాతిమట్టి పళ్లెములు కొద్దిపాటి ధరకు కొని, మూటగట్టి ఇంటికి తెచ్చుచుండెను. చవుకబారు సరకని అమ్మువారే చెప్పు వస్తువులను ఒక విద్వాంసుడు ఏల కొనునో వారికి అర్థమయ్యెడిది కాదు.

ఆయనకు ధనము విశేషముగా లేదు. కనెకో సంగీతపాఠములు చెప్పి, సభలలో పాడి సంసారమును నడుపుటలో పాలుపంచుకొనెను. అందుచేత ఆయన సేకరణ ధనికుని విలాసము కాలేదు. వస్తువును ముందు చూడుము, దాని పేరును వెలను తరువాత తెలిసికొనుము అనునది ఆయన సూత్రము. పేరు విని మెచ్చువాడు తన కంటితో చూచినవాడు కాడని ఆయన నమ్మెను.

ఈ కాలముననే ఆయనకు ఇద్దరు కుమ్మరులు ఆప్తమిత్రులైరి. ఒకడు హమద షోజి. రెండవవాడు కవై కంజిరో. కవై ప్రాచీన చైనా పాత్రలను అచ్చముగా పోలునట్లు చేసి గొప్ప పేరు గడించినవాడు. ఆ పనితనమును యానగి పూర్వము నిష్ఠురముగా విమర్శించెను. కాని యానగి సేకరించిన కొరియా పాత్రలను చూచిన కవై, తన పనిలో నేర్పే గాని ప్రాణము లేదని తెలిసికొనెను. విమర్శించినవానినే మిత్రునిగా చేసికొని, పాత పద్ధతిని విడిచి, కొంతకాలమునకు తన పాత్రలపై తన పేరు వ్రాయుట కూడ మానెను. హమద ఆంగ్ల కుమ్మరియైన బెర్నార్డు లీచ్ తో కలిసి 1920లో ఇంగ్లండునకు పోయి, అచ్చటి పల్లెకుమ్మరుల పాతపద్ధతులను కూడ చూచి వచ్చెను. లీచ్ జపానులో చిరకాలము నివసించినవాడు. యౌవనము నుండియు యానగికి మిత్రుడు. వీరు ప్రాచీనపాత్రలకు నకళ్లు తీయలేదు. వానిలోని నిరాడంబరతను గ్రహించి, తమ కాలమునకు తగిన క్రొత్త పాత్రలను చేసిరి. ఆ క్రొత్త పాత్రలను గూడ యానగి తన సేకరణలో చేర్చెను.

1925లో యానగి, హమద, కవై కలిసి ప్రయాణము చేయుచు, సామాన్యులు చేసి సామాన్యులు వాడు వస్తువులకు తగిన పేరు లేదని విచారించి, మింగేయి అను క్రొత్తమాటను కల్పించిరి. ప్రజల చేతికళ యని దాని యర్థము. అప్పటివరకు లోకులు చవుకబారు సరకు అనుచున్నదానికి గౌరవమైన పేరు లభించెను.

ఆ చేతికళ ఇంకను బ్రతికియున్న పల్లెలను వెదకుచు యానగి దేశమంతయు తిరిగెను. 1931లో క్యూషూ దీవిలోని ఒంత అను కొండపల్లెను చేరెను. అచ్చట కొద్ది కుటుంబములవారు 1705వ సంవత్సరము నుండి తరతరములుగా కుండలు చేయుచుండిరి. వాగునీరు ఒక పెద్ద దూలపు తొట్టిలో నిండగానే ఆ కొన క్రుంగును. నీరు పారిపోగానే రెండవ కొన దభాలున మట్టిపై పడి దంచును. అట్టి నీటిరోకళ్ల చప్పుడు పల్లెలో రాత్రింబవళ్లు వినవచ్చును. నేటికిని అచ్చటివారు ఆ విధముగనే మట్టి దంచుచున్నారు. యానగి ఆ పల్లెను గూర్చి వ్రాయుటచే దాని పేరు దేశమంతట వ్యాపించెను.

మాషికో అను మరియొక ఊరిలో మినగవా మసు అను స్త్రీ తేనీటి కూజాలపై కొండలు, చెట్లు, ఇండ్లు చిత్రించుచుండెను. కొద్దిపాటి కూలికి రోజునకు కొన్ని వందల కూజాలపై అదే చిత్రమును వ్రాయుట ఆమె వృత్తి. వేలమారులు వ్రాసినదానినే వ్రాయుటచే ఆమె చేయి భయమును, సంకోచమును మరచెనని యానగి గ్రహించెను. చిత్రకళాశాలలలో చదివినవారికి సులభముగా లభింపని స్వేచ్ఛ ఆ కుంచెలో నున్నదని ఆయన మెచ్చెను.

అదే 1931లో క్యోటో నగరమున కిజాయెమోన్ అను పేరుగల తేనీటి గిన్నెను చూచు అవకాశము ఆయనకు కలిగెను. జపానులో అత్యంత ప్రఖ్యాతమైన గిన్నె యది. పట్టుగుడ్డలలో చుట్టి, పెట్టెలో పెట్టె యుంచి, దానిని దాచియుండిరి. పెట్టెలన్నియు తెరచిన పిదప ఆయనకు కనిపించినది కొరియాలో పూర్వము చేసిన సాదా గిన్నె. ఆయన నిరాశ చెందలేదు, పరమానందము చెందెను. పేదవాడు అన్నము తినుటకై పేరులేని కుమ్మరి వేగముగా చేసిన గిన్నెయే ఒక జాతికి మహానిధి యైనదని ఆయన భావించి, దానిపై ఒక చక్కని వ్యాసము వ్రాసెను.

తాను కూర్చిన వస్తువులకు శాశ్వతమైన స్థానమును కల్పింపవలెనని ఆయన పదేండ్లు శ్రమించెను. కురషికి పట్టణమునకు చెందిన నూలుమిల్లుల యజమాని ఓహర మగొసబురో లక్ష యెన్నులు విరాళమొసగెను. 1936 అక్టోబరు నెలలో టోక్యోలోని కొమబ అను పేటలో జపాను చేతికళా ప్రదర్శనశాల తెరువబడెను. యానగి దానికి ప్రథమ సంచాలకుడు. అందు వస్తువుల ప్రక్క దీర్ఘమైన వివరణములు వ్రాయలేదు. చూచువాడు ముందు తన కన్నులతో చూడవలెనని ఆయన ఉద్దేశము. నేడు అందు సుమారు 17,000 వస్తువులు గలవు.

1938 నుండి ఆయన దక్షిణమున నున్న ఒకినావా దీవులకు పలుమారులు పోయి, అచ్చటి మట్టిపాత్రలను, రంగుల నేతబట్టలను సేకరించెను. అచ్చటి బాలబాలికలు ఇంటిభాష మాట్లాడరాదని అధికారులు నిర్బంధించుచుండగా, 1940లో ఆయన దానిని బహిరంగముగా ఖండించెను. ఒక ప్రాంతపు భాషను సిగ్గుపడదగినదిగా చేయుట ఆ ప్రజలను అవమానించుటయే యని ఆయన వాదము. 1945లో జరిగిన ఘోరయుద్ధమున ఒకినావాలోని ఇండ్లు, కోటలు, కళావస్తువులు నాశనమైనవి. యానగి ముందుగా సేకరించి యుంచినవి మాత్రము టోక్యోలో మిగిలినవి. బాంబులచే ఆ నగరము దగ్ధమైనను ఆయన ప్రదర్శనశాల సురక్షితముగా బయటపడెను.

1952లో యానగి హమదతో కలిసి ఇంగ్లండునకు పోయి, డార్టింగ్టన్ అను చోట జరిగిన చేతిపనివారి అంతర్జాతీయ సమావేశమున లీచ్ తో పాటు పాల్గొనెను. 1956 చివర పక్షవాతము సోకి మంచము పట్టినను, వ్రాయుట మానలేదు. 1961 మే 3వ తేదీన, తన 72వ యేట, ఆయన కన్నుమూసెను. 1984లో దక్షిణ కొరియా ప్రభుత్వము మరణించిన యానగికి గౌరవపతకమును ప్రకటించెను.

ఆయన భావములన్నిటిని అందరును అంగీకరింపలేదు. కొరియా కళయంతయు దుఃఖమునుండి పుట్టినదని ఆయన చెప్పుట సరికాదని, దానిలో హాస్యము, బలము, ఉత్సాహము కూడ గలవని కొరియా పండితులు పెక్కురు వాదించిరి. ఆ వాదము న్యాయమైనదే. అయినను తన దేశము విజయగర్వముతో నున్న దినములలో, ఓడినవారి పక్షమున నిలిచి మాట్లాడిన ఆయన ధైర్యమును వారును కాదనలేదు.

వస్తువులను కూడబెట్టువారు లోకమున ఎందరో కలరు. కొందరు వెలకై, కొందరు పేరుకై కూడబెట్టుదురు. యానగి మాత్రము ప్రతి పాత్ర వెనుకను దానిని చేసిన చేతులను చూచెను. ఆ చేతులను గౌరవింపనేర్చినవాడు ఆ మనుష్యులను తక్కువగా చూడజాలడు. ఒక తెల్లని జాడిపై నున్న నాలుగు గడ్డిపోచలు ఆయనకు నేర్పిన పాఠ మిదియే.